దారపు బిగువు: కుట్టుయంత్రమును గూర్చి కొన్ని మాటలు

మా పాఠశాలలో కుట్టుపని నేర్పు గదిని ఎరుగనివారు ఈ పత్రిక చదువువారిలో అరుదుగా నుందురు. దక్షిణపు వసారా చివర, గంట వ్రేలాడు చోటికి ప్రక్కన నున్న ఆ చిన్న గదిలో కాలితో త్రొక్కు యంత్రములు నాలుగును, చేతితో త్రిప్పునది ఒకటియు, పూర్వవిద్యార్థులు కొందరు కానుకగా నిచ్చిన విద్యుద్యంత్రము ఒకటియు గలవు. ఈ యారింటిలో ఏదో యొకనాడు మొరాయింపనిది లేదు. మొరాయించిన ప్రతిసారియు తరగతిలో లేచు కేక ఒక్కటే: "టీచరుగారండీ, దారము పట్టేసిందండీ!" పదునేడు సంవత్సరములుగా ఈ కేకను వినుచున్నాము. దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాసిన యెడల విద్యార్థులకును, ఇండ్లలో యంత్రములు గల తల్లిదండ్రులకును ఉపయోగపడునని తలంచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

ముందుగా ఈ యంత్రము చేయు పని యేమియో తెలిసికొనవలెను. 1830లో ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే యను నాతడు ఒక్క దారముతో గొలుసుకుట్టు వేయు యంత్రమునకు పేటెంటు పొందెను. గొలుసుకుట్టునందు ఒక లోపము గలదు. చివరి దారమును సరియైన వైపునుండి లాగినచో కుట్టంతయు సరసర ఊడివచ్చును. బియ్యపు బస్తా మూతి విప్పిన పిల్లలందరికిని ఇది తెలిసిన సంగతియే. అటుపిమ్మట 1846లో అమెరికా దేశస్థుడగు ఎలియాస్ హోవ్ మొనవద్ద కన్నుగల సూదిని, క్రింద మరియొక దారమును మోసికొని తిరుగు చిన్న నాడెను కూర్చి పేటెంటు పొందెను. నాడె యనగా మన చేనేతవారి మగ్గములో అటునిటు పరుగెత్తునదే. 1851లో ఐజాక్ సింగర్ తన యంత్రమునకు పేటెంటు తీసికొనెను. గుడ్డను పళ్లతో పట్టి ముందునకు జరుపు ఉపాయమునకు 1854లో ఆలెన్ విల్సన్ పేటెంటు పొందెను. మన దేశములో 1930 దశాబ్దమునందు కలకత్తాలో ఉషా యంత్రములు తయారగుటకు ఆరంభమయ్యెను. యంత్రములను గూర్చి అంత సందేహము గల గాంధిగారు సహితము 1924లో ఆ సంగతి ప్రశ్నింపబడినప్పుడు సింగరు కుట్టుయంత్రమును మాత్రము మినహాయించి మాటలాడిరి. ఇది మా చరిత్ర ఉపాధ్యాయులవారికి ప్రియమైన యంశము. మేము వారి పొలములో ఇంతకంటె మేయము.

మన యిండ్లలోని యంత్రములన్నియు రెండు దారముల యంత్రములే. పై దారము సూదికన్నులో దూరి గుడ్డను పొడుచుకొని క్రిందికి దిగును. సూది తిరిగి కొంచెము లేచినప్పుడు దాని ప్రక్కన దారము చిన్న ఉచ్చువలె ఉబ్బును. సరిగా ఆ క్షణమందు క్రింద తిరుగుచున్న కొక్కెపు మొన ఆ ఉచ్చును పట్టుకొని, బాబిను కేసు చుట్టును త్రిప్పి విడిచిపెట్టును. ఇంతలో పైనున్న మీట లేచి, మిగిలిన దారమును పైకి లాగివేయును. అప్పుడు పై దారమును క్రింది దారమును పెనవేసికొని, ఆ ముడి గుడ్డ మందములో సరిగా నడుమ కూర్చుండును. కుట్టు బాగుగా నున్నదనగా అర్థమిదే. ముడి పైకిని కనబడరాదు, క్రిందికిని కనబడరాదు.

నరసాపురము ప్రాంతమున లేసు అల్లు స్త్రీలను మీలో కొందరు చూచియుందురు. వారికి కావలసినవి ఒక కొక్కెము, ఒక దారము. ఆ దారమును చూపుడు వ్రేలికి చుట్టుకొని, ఎంత బిగించవలెనో ఎంత వదలవలెనో వ్రేలితోనే తెలిసికొందురు. కంటితో చూడకుండ ప్రక్కవారితో ముచ్చటలాడుచు అల్లినను బిగువు తప్పదు. కుట్టుయంత్రమునకు వ్రేళ్లు లేవు. ఆ వ్రేళ్లకు బదులుగా పైన రెండు గుండ్రని ఉక్కు బిళ్లలును, వాటిని నొక్కు ఒక స్ప్రింగును, క్రింద బాబిను కేసుకు అంటియున్న సన్నని రేకును ఉన్నవి. పై దారము ఆ బిళ్లల నడుమనుండి, క్రింది దారము ఆ రేకు క్రిందినుండి రాపిడిపడుచు వచ్చును. ఈ రెండు రాపిడులు సమముగా నున్నంతవరకు యంత్రము బాగుగా కుట్టును. ఇంటివారు "మిషను పాడైనది" అని చెప్పు సందర్భములలో మిక్కిలి భాగము ఈ సమత్వము తప్పినవే గాని, యంత్రము అరిగినవి కావు.

ఇక ముఖ్యమైన సంగతి. గుడ్డ అడుగున దారము ఉచ్చులుగా, పిచ్చుకగూడువలె పేరుకొన్నప్పుడు చూచువారందరును తప్పు క్రిందనే యున్నదనుకొని బాబిను కేసు మీద పడుదురు. అది సహజమే. కాలు నొప్పియైనవాడు కాలునే పట్టుకొనును గదా! కాని యిక్కడ తప్పు పైన నుండును. ఆ ఉచ్చులు ఏ దారమువో పరికించి చూడుడు. అవి పై దారమువి. దానిని పైన ఎవ్వరును పట్టి యుంచకపోవుటచేత, క్రింది కొక్కెము లాగినంత లాగగా అది అడుగునకు దిగి పేరుకొనినది. అట్లే గుడ్డ పైభాగమున క్రింది దారపు చుక్కలు కనబడుచున్న యెడల పై బిగువు మిక్కుటముగా నున్నదని గాని, క్రింది బిగువు చాలకున్నదని గాని గ్రహింపవలెను. ఇందు సందేహము తీరుటకు మేము తరగతిలో ఎర్రదారము పైనను, అదే నంబరు తెల్లదారము క్రిందను వేయించి, రెండు మడతల పాతగుడ్డమీద జానెడు పొడవు కుట్టింతుము. అడుగున ఎర్రని చుక్క కనబడెనా, పైకి పొమ్ము. పైన తెల్లని చుక్క కనబడెనా, పై బిగువు కొంచెము వదలుము. ఏడవ తరగతి పిల్లలు దీనిని ఒక్క దినములో నేర్చుకొందురు. పెద్దవారికి కొంచెము కాలము పట్టును, ఏలయన వారికి స్క్రూ డ్రైవరు దగ్గరలోనే యుండును.

పై దారమును పట్టి యుంచువారు లేకపోవుటకు కారణములలో మిక్కిలి సామాన్యమైనది దారము బిళ్లల నడుమకు పోకుండుటయే. గుడ్డను నొక్కు ఫుట్టు దించియున్నప్పుడు బిళ్లలు మూసికొని యుండును, ఎత్తినప్పుడు తెరచుకొనును. ఫుట్టు దించి దారము ఎక్కించినచో అది మూసియున్న బిళ్లల అంచుపైననే నిలిచిపోవును. చూచుటకు అన్ని కొక్కెములలోను సరిగానే యున్నట్లు కనబడును. కుట్టుటకు మొదలు పెట్టిన నాలుగు అంగుళములలో గూడు కట్టును. కావున ఫుట్టు ఎత్తి దారము ఎక్కించి, పిమ్మట ఫుట్టు దించి, సూది వద్ద దారమును మెల్లగా లాగి చూడవలెను. చేతికి అడ్డు తగిలినయెడల బిళ్లలు పట్టినవి. తగులక జారివచ్చినయెడల మరల ఎక్కింపవలెను. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కళాశాలలో చేతిపనుల అధ్యాపకురాలు మా కన్నులకు రుమాలు కట్టి దారము ఎక్కింపుమనెడివారు. సూదికన్ను మాత్రము చూచి గ్రుచ్చుటకు సెలవు. తక్కినదంతయు చేతి యెరుకతోనే జరుగవలెను. ఆ దినములలో అది మాకు వినోదముగా నుండెను. ఇప్పుడు సాయంకాలము దీపము పోయినప్పుడు దాని ప్రయోజనము తెలియుచున్నది.

పైకి క్రిందికి ఆడు మీట కన్నులో దారము ఎక్కించుట మరచినను అదే ఫలము కలుగును, ఇంకను ఘోరముగా. బిళ్లల ప్రక్కన నున్న చిన్న తీగ స్ప్రింగులో దారము తగులకున్నను కుట్టు చక్కగా రాదు. అందుచేత, ఏ తప్పు కనబడినను మా తరగతిలో మొదటి యాజ్ఞ ఒక్కటే. దారమంతయు తీసివేసి మొదటినుండి ఎక్కింపవలెను. పిల్లలు ఇందుకు విసుగుకొందురు. పది యంత్రములలో ఆరు ఇంతటితోనే బాగుపడుట మేము చూచినాము.

సూదిని గూర్చి రెండు మాటలు. సూది కాడకు ఒకవైపు చదునుగా నుండును, దానికెదుటి వైపున పొడవైన గాడి యుండును. దారము గాడివైపునుండి కన్నులో ప్రవేశింపవలెను. చదునువైపున కొక్కెపు మొన పోవలెను. ఏ వైపు అనునది యంత్రమునుబట్టి మారును గనుక, సూదికి మీదనున్న చివరి దారపు కొక్కెము ఏ ప్రక్క నున్నదో చూచిన తెలియును. తిరుగవేసిన సూది కుట్టనే కుట్టదు, లేదా కుట్లు తప్పించుచు పోవును. పూర్తిగా పైకి తోయకుండ బిగించినను అంతే. సూదులమీద రెండు అంకెలు చెక్కియుండును: 75కి 11, 90కి 14, 100కి 16, 110కి 18. పెద్ద అంకె మిల్లీమీటరులో నూరవ భాగములలో సూది లావును తెలుపును. అనగా 90 అంకెగల సూది 0.9 మిల్లీమీటరు లావు. పలుచని మల్లుగుడ్డకు 11, జాకెట్టు గుడ్డకు 14, మందపు లాగులకు 16 చాలును. సూది మొన విరిగినదో వంగినదో కంటికి తెలియదు. కుట్టునప్పుడు టక్కుటక్కుమని చప్పుడు వచ్చుచున్నచో మార్చివేయవలెను. రెండు మూడు దుస్తులు కుట్టిన పిమ్మట సూది మార్చుట దుబారాయని మా పిల్లల తల్లులు కొందరు అందురు. సూది వెల యెంత, పాడైన జాకెట్టుగుడ్డ వెల యెంత?

ఇప్పుడు ఒక కథ చెప్పవలసియున్నది. పేర్లు చెప్పము. గత డిసెంబరులో మా తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మూడు దినములు వరుసగా బడికి రాలేదు. నాలుగవనాటి సాయంకాలము మేము వారి యింటికి వెళ్లితిమి. తండ్రి లేడు. తల్లి ఇంటివద్దనే జాకెట్లు, లంగాలు కుట్టి, చీరలకు ఫాల్సు వేసి ఇద్దరు పిల్లలను పోషించుచున్నది. పండుగలకు ముందు రెండు నెలల పనియే వారికి ఏడాదిలో మూడువంతుల ఆధారము. అట్టి కాలములో యంత్రము గూళ్లు కట్ట నారంభించెను. కుట్టిన జాకెట్లు రెండు మూడు తిరిగివచ్చినవి. ఒకరు గుడ్డ ఖరీదు కూడ అడిగిరట. బజారులో మరమ్మతు చేయు నొకాయన చూచి, లోపలి కొక్కెము పూర్తిగా అరిగిపోయినదనియు, మార్చుటకు పదునెనిమిది వందల రూపాయలగుననియు, అంత పెట్టుటకంటె పాత యినుమునకు అమ్ముట మేలనియు చెప్పెను. పాత యినుము వ్యాపారి ఏడువందలు ఇత్తుననెను. తల్లి అమ్ముటకే నిశ్చయించుకొనెను. యంత్రము పోయిన పిమ్మట మిగులునది మిరపచేల పని. ఆ పనికి ఇంటినుండి ఇద్దరు వెళ్లిననే గడచును.

"చదువు మానిపించవలెనని నాకు మాత్రం ఉన్నదా, టీచరుగారండీ? రేపు ఉదయం బండి వస్తుందండి," అని ఆమె చెప్పి, మమ్ము కూర్చుండుటకు పీట వేసెను.

"అమ్మా, బండి వచ్చువరకు రాత్రి యంతయు ఉన్నది గదా. ఒకసారి పిల్లను చూడనిండు," అంటిమి. మేము యంత్రమును ముట్టలేదు. మూడు సంవత్సరములు మా గదిలో నేర్చుకొనిన పిల్ల ఎదుట నుండగా మేమేల ముట్టవలెను? పీట ప్రక్కకు జరుపుకొని కూర్చుంటిమి.

బాలిక మొదట తిరిగివచ్చిన జాకెట్టును త్రిప్పి చూచెను. అడుగున పై దారపు ఉచ్చులు. ఆమె ఏమియు అనక దారమంతయు తీసివేసి, ఫుట్టు ఎత్తి, దీపము దగ్గరకు తెప్పించి బిళ్లల నడుమకు చూచెను. అక్కడ నల్లని పొడియు, తెగిన పాతదారపు ముక్కయు కలిసి గట్టిపడి యుండెను. బిళ్లలు ఎప్పటికిని సందుపడి యుండుటకు అది చాలును. వాటిపైన స్క్రూ ఎంత బిగించినను దారమునకు పట్టు దొరకదు. సన్నని గుడ్డపీలికను కిరసనాయిలులో ముంచి బిళ్లల నడుమ అటునిటు లాగగా ఆ మురికి వచ్చివేసెను. పిమ్మట బాబిను కేసు తీసెను. తప్పు క్రింద కనబడుచున్నదని ఎవరో రేకు స్క్రూను చివరివరకు బిగించివేసియుండిరి. దారము లాగినచో వ్రేలు కోసుకొనునంత బిగువు.

బాబిను కేసు బిగువును పరీక్షించుటకు ఒక సులభమైన మార్గము గలదు. బాబినును కేసులో నుంచి, దారపు కొసను పట్టుకొని కేసును గాలిలో వ్రేలాడదీయవలెను. తనంతట తానే జారిపోయెనా, వదులు. చేతిని కొంచెము విదిలించినను కదలకుండెనా, బిగువు. నిలకడగా వ్రేలాడి, విదిలించినప్పుడు రెండు మూడంగుళములు జారి మరల ఆగెనా, అదియే సరి. కేసుమీద రెండు స్క్రూలున్నచో చివర నున్నది రేకును పట్టియుంచుటకు. దారము వెలువడు చోటికి దగ్గరనున్నది బిగువు మార్చుటకు. దానినైనను గడియారపు పెద్దముల్లు ఐదు నిమిషములు జరిగినంత మాత్రమే ఒకమారు త్రిప్పవలెను. అవి ఆవగింజంతలేసి స్క్రూలు. నేలపైన పడినచో చీమలే వెదకవలెను. తెల్లగుడ్డ పరచుకొని ఆ పని చేయుట మంచిది. బాలిక తన ఓణీకొంగునే పరచుకొనెను.

సూది 18 నంబరుది వేసియుండిరి. దానిని తీసి 14 నంబరుది వేసెను. ఎర్రదారము లేనందున పసుపు దారము పైన, తెల్లదారము క్రింద వేసి పాత తువాలు ముక్కమీద కుట్టెను. కుట్టు చక్కగా పడెను. తల్లి దగ్గరకు వచ్చి నిలుచుండెను గాని మాటలాడలేదు.

ఇంతటితో కథ ముగిసినదని చదువరులు తలంపవచ్చును. రెండవ ముక్క కుట్టుచుండగా జానెడు దూరమున మరల ఒక ఉచ్చు, ఇంకొక జానెడు దూరమున మరియొకటి. ఈవిధముగా అప్పుడప్పుడు మాత్రమే కనబడు తప్పు అన్నిటికంటె దుష్టమైనది. నిలకడగా నున్న తప్పును పట్టుకొనవచ్చును, దాగుడుమూతలాడు తప్పును పట్టుట కష్టము. బాలిక మొగము వాడినది. మేము ఒక్క ప్రశ్న మాత్రము అడిగితిమి: "మొదటి ముక్కకును రెండవ ముక్కకును నడుమ నీవేమి మార్చితివి?"

ఆమె కొంచెము తడవు ఆలోచించి, "బాబిను మార్చినానండి," అనెను.

సొరుగులోని బాబినులన్నియు తీసి బల్లమీద వరుసగా నుంచితిమి. ఎనిమిది యుండెను. ఐదు ఇనుపవి, మూడు క్రొత్తగా కొనిన ప్లాస్టికువి. ఇనుపవాటిలో ఒకదాని అంచు వంగియుండెను. ప్లాస్టికు బాబినులు చూచుటకు సమానముగానే కనబడినను, ప్రక్కప్రక్కన నిలువబెట్టినప్పుడు నూలుపోగంత ఎత్తు ఎక్కువ. కేసులో అవి ఒరసికొని ఒకసారి తిరుగును, ఒకసారి ఆగును. అదిగాక వాటిమీద దారము మెత్తగా, వదులుగా, ఒకవైపు ఉబ్బుగా చుట్టబడి యుండెను. దారము చుట్టునప్పుడు చిన్న బిళ్ల క్రిందుగా పోనిచ్చి చుట్టవలెను గాని, చేతితో పట్టి చుట్టినచో ఇట్లే అగును. బాలిక ఆ నాలుగింటిని ప్రక్కన పెట్టి, మంచి నాలుగింటికి క్రొత్తగా దారము చుట్టి, ఒక్కొక్కదానితో జానెడేసి కుట్టి చూచెను. నాలుగును బాగుగనే కుట్టెను. రాత్రి తొమ్మిది దాటెను. తల్లి యపుడు తిరిగివచ్చిన జాకెట్టును ఒడిలో పెట్టుకొని బ్లేడుతో కుట్లు విప్పుటకు కూర్చుండెను.

ఉదయము బండి వచ్చి వట్టిదే తిరిగిపోయెను. సోమవారము బాలిక బడికి వచ్చెను. అయినను చెప్పవలసిన సంగతులు రెండున్నవి. బాబిను కేసు రేకుక్రింద దారము రాచి రాచి గాడి పడియుండెను. అది ఎంత సరిచేసినను నెల దినములకు మించి నిలువదని మాకు తెలియును. జనవరిలో క్రొత్త కేసు కొనిరి; వంద రూపాయలు కాలేదు. రెండవది, ఫిబ్రవరి మాసమున ఆ పిల్ల నాలుగు దినములు మిరపకోతకు వెళ్లెను. హాజరుపట్టీలో ఆ నాలుగు గళ్లును ఖాళీగానే యున్నవి.

మరమ్మతుదారుని మేము నిందింపము. కొక్కెములు నిజముగా అరుగుట కలదు. మొనలో గరుకు పడుటయు కలదు. గుడ్డను చేతితో వెనుకకు గుంజువారు సూదిని వంచి సూదిదిగు రేకునకు గ్రుచ్చుదురు. ఆ రేకు రంధ్రపు అంచున ఏర్పడిన గీరుడు దారమును చీల్చును. వ్రేలిగోటితో తడిమిన తెలియును. సన్నని గరుకు కాగితముతో నునుపు చేయవచ్చును. కాని పై దారము ఎక్కింపకమునుపే కొక్కెము అరిగినదని తీర్పు చెప్పుట మాత్రము ఏ విద్యకును తగదు.

బిగువును గూర్చి ఇంకొక సంగతి. రెండు దారములును సమముగానే యున్నను గుడ్డ ముడుతలు పడుట కలదు. అపుడు ముడి నడుమనే యుండును, చుక్కలు ఏ వైపునను కనబడవు, అయినను కుట్టు పొడవున గుడ్డ గొంగళిపురుగువలె ముడుచుకొనును. రెండు బిగువులును అతిగా నున్నవని దీని యర్థము. రెంటిని సమముగా వదలవలెను. గుడ్డను మూలవాటుగా మడిచి, ఆ మడతకు దగ్గరగా కుట్టి, రెండు చేతులతో కుట్టు పొడవున గట్టిగా లాగి చూడుడు. ఏ దారము ముందుగా తెగునో అది ఎక్కువ బిగువుగా నున్నది. రెండును ఒక్కమారే తెగినయెడల మీరు సరిచేసినది సరియే. ఈ పరీక్షయనిన మా మగపిల్లలకు ఎక్కడలేని ప్రీతి, లాగి తెంపుట ఇందులో నున్నది గనుక. మగపిల్లలకు కుట్టుపని ఏలయని అడుగు తండ్రులకు మేము ఒక్కటే చెప్పుచుందుము: బజారులో తమ చొక్కాను కుట్టినవారు ఎవరో ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు.

దారము తెగుటకు అల్పమైన కారణములును కొన్ని గలవు. చక్రమును ఎప్పుడును మన వైపునకే త్రిప్పవలెను. క్రొత్తగా త్రొక్కు పిల్లల కాలు తడబడి చక్రము వెనుకకు తిరిగెనా, దారము చిక్కుపడి తెగును. మొదలుపెట్టునప్పుడును ముగించునప్పుడును మీట పైనకు లేచి యుండవలెను. లేనిచో మొదటి కుట్టుకే దారము సూదినుండి జారిపోవును. రెండు దారపు కొసలను వెనుకకు పట్టి రెండు మూడు కుట్లు వేసిన పిమ్మట విడువవలెను. అమ్మమ్మల నాటి నూలుదారపు రీళ్లు పెట్టెలో దొరికినయెడల వాటిని యంత్రములో వేయకుడు. చేతులతో లాగి చూచిన పుటుక్కున తెగునవి గుండీలు కుట్టుటకైనను పనికిరావు. ఎండ తగులు కిటికీలో పెట్టిన రీళ్లును అంతే.

నూనెను గూర్చి తల్లులకు మనవి. తలకు రాసికొను కొబ్బరినూనె యంత్రమునకు వేయరాదు. అది కొంతకాలమునకు జిగురువలె గట్టిపడి, చక్రము బరువెక్కును. మిషను నూనెయనునది వేరుగా దొరకును. ఇదివరకే గట్టిపడియున్నచో చుక్కచుక్కగా కిరసనాయిలు వేసి, దారము లేకుండ కొంతసేపు త్రిప్పి, మురికిని తుడిచి, అటుపిమ్మట మిషను నూనె వేయవలెను. విద్యుద్యంత్రమునకు మాత్రము కిరసనాయిలు చేర్చరాదు. నూనె వేసిననాడు పాతగుడ్డమీద కొంతసేపు కుట్టి, పిమ్మట తెల్లగుడ్డ పెట్టవలెను. పళ్ల క్రిందను, కొక్కెము చుట్టును పేరుకొను నూగును వారమున కొకసారి చిన్న కుంచెతో తీయవలెను. నోటితో ఊదినచో అది ఇంకను లోపలికే పోవును.

శనివారముల ఉదయము తొమ్మిదినుండి పదునొకండు గంటలవరకు మా కుట్టుగది తెరచియుండును. ఇంటి యంత్రము మొరాయించిన తల్లిదండ్రులు పిల్లలతో కలిసి రావచ్చును. యంత్రమంతయు మోసికొని రానక్కరలేదు. బాబిను కేసును, సొరుగులోని బాబినులన్నిటిని, వాడుచున్న దారపు రీలును, చెడ్డకుట్టు పడిన గుడ్డముక్కను, దాని దారములు కత్తిరింపకుండ, తెచ్చిన చాలును.